క్లోరిన్ ఉంది, నాచూ ఉంది: మా కొలనులో తప్పు ఎక్కడ?

అపార్ట్‌మెంటు కార్యదర్శి (తిరుపతి) | నవంబరు 2, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. తిరుచానూరు రోడ్డులో మాది నలభై ఎనిమిది ఇళ్ల అపార్ట్‌మెంటు. వెనకవైపు చిన్న ఈతకొలను ఉంది. పొడవు పన్నెండు మీటర్లు, వెడల్పు ఆరు. లోతు ఒక పక్క 0.9 మీటరు, ఇంకో పక్క ఒకటిన్నర. ఈ ఏడాది కార్యదర్శి పదవి ఎవరికీ వద్దంటే నా మెడకు చుట్టారు. పదవితో పాటు ఈ కొలనూ వచ్చింది.

దీపావళి తర్వాత మూడు రోజులు వాన పడింది. నాలుగో రోజుకు నీళ్లు పెసరకట్టు రంగుకు తిరిగాయి. గోడను వేలితో రాస్తే జారుతోంది. నిచ్చెన వెనక అయితే పాచి పొరలా ఊడివస్తోంది. కొలను చూసుకునే కాంట్రాక్టరు వచ్చి క్లోరిన్ బిళ్లలు రెట్టింపు వేసి, మైలుతుత్తం కలిపి వెళ్లాడు. రెండు రోజులు నీలం, మూడో రోజు మళ్లీ పచ్చ. ఇలా రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ బిల్లు మాత్రం వేళకు వచ్చింది.

నాకు అర్థం కానిది ఒకటే. మా దగ్గర రెండు గొట్టాల పరీక్ష పెట్టె ఉంది. పసుపు రంగు వచ్చే చుక్కలు వేస్తే క్లోరిన్ 3 చూపిస్తోంది. ఎర్ర చుక్కలకు పీహెచ్ 7.8. క్లోరిన్ 1 నుంచి 3 ఉంటే చాలని పెట్టె మీదే అచ్చు వేసి ఉంది. మరి క్లోరిన్ ఉన్న నీళ్లలో నాచు ఎలా బతుకుతోంది?

చిత్తూరు కుర్రాడు | నవంబరు 2, ఉదయం 7:32

మీ నాచు అసోసియేషన్ సభ్యత్వం తీసుకున్నట్టుంది సార్. నెలనెలా నిర్వహణ రుసుము అడిగి చూడండి, దానంతట అదే ఖాళీ చేసి పోతుంది.

తోటమాలి (చంద్రగిరి) | నవంబరు 2, ఉదయం 9:05

కొలను పక్కన పచ్చిక ఉందా అండీ? మా తోటలో అతిథుల కోసం ఒక కొలను కట్టాం. మొదటి వానాకాలం మాకూ ఇదే జరిగింది. పచ్చికకు వారం ముందు డీఏపీ చల్లించాను. వాన నీటితో అదంతా కొలనులోకి దిగింది. ఫాస్ఫేటు, నత్రజని అందితే నాచుకు పండగే. గట్టు చుట్టూ జానెడు ఎత్తు కట్టు కట్టించాక చాలావరకు తగ్గింది. రాలిన వేపాకును కూడా రోజూ వలతో తీయించండి. అడుగున కుళ్లితే అదీ ఎరువే.

అపార్ట్‌మెంటు కార్యదర్శి | నవంబరు 2, ఉదయం 9:20

పచ్చిక ఉంది. ఎరువు వేశారో లేదో కనుక్కుంటాను. వేపాకు మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను: వేపాకు వేస్తే నాచు చస్తుందని మా వాచ్‌మన్ మొన్న రెండు గంపలు దూసి తెచ్చి నీళ్లలో వేశాడు. అతడిని ఏమీ అనలేకపోయాను. అంత శ్రద్ధగా వేశాడు.

మోటార్ల మనిషి (రేణిగుంట) | నవంబరు 2, మధ్యాహ్నం 1:40

నేను పద్నాలుగేళ్లుగా కొలనుల మోటార్లు, ఫిల్టర్లు చూస్తున్నాను. ఇలాంటి కేసు వస్తే నేను మొదట అడిగేది మోటారు రోజుకు ఎన్ని గంటలు తిరుగుతుందని. మీ కొలతల ప్రకారం నీళ్లు 86,000 లీటర్ల పైచిలుకు. ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు పన్నెండు వేల లీటర్లు తోడుతుందనుకుంటే, నీళ్లన్నీ ఒక్కసారి ఫిల్టరు గుండా పోవడానికి ఏడు గంటలు కావాలి. కరెంటు బిల్లుకు భయపడి చాలా అపార్ట్‌మెంట్లలో రెండు గంటలు తిప్పి కట్టేస్తారు. అప్పుడు మెట్ల మూలల్లో, నిచ్చెన వెనక నీళ్లు కదలవు. పాచి మొదలయ్యేది అక్కడే. నీళ్లు లోపలికి వచ్చే ముక్కులను కొంచెం పక్కకు, కిందికి తిప్పండి. కొలను అంతా సుడి తిరగాలి.

ఫిల్టరు మీద గడియారం లాంటి మీటరు ఉంటుంది. ఇసుక శుభ్రంగా ఉన్నప్పటి ఒత్తిడి కంటే ఎనిమిది, పది పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్లను వెనక్కి తిప్పి ఇసుకను కడగాలి. మైలుతుత్తం వేయడం తప్పేమీ కాదు. ఇక్కడ అందరూ వేస్తారు.

రసాయనాల అయ్యవారు (చిత్తూరు) | నవంబరు 2, సాయంత్రం 6:15

కళాశాలలో ముప్పై ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పి విశ్రాంతిలో ఉన్నాను. మోటారు గురించి పై మిత్రుడు చెప్పినది నిజం. అయితే కార్యదర్శిగారు అడిగిన ప్రశ్నకు జవాబు అది కాదు. కదలని మూలలో పాచి పడితే అక్కడే ఉండాలి, నీళ్లన్నీ పచ్చబడకూడదు.

ముందుగా, పసుపు రంగు చూపే ఆర్థోటాలిడిన్ చుక్కలు మొత్తం క్లోరిన్‌ను చూపుతాయి. చెమటలోని, మూత్రంలోని నత్రజనితో కలిసి సత్తువ పోగొట్టుకున్న క్లోరిన్ కూడా ఆ లెక్కలో కలిసిపోతుంది. గులాబీ రంగు వచ్చే డీపీడీ పెట్టె తెప్పించుకోండి. అది రెంటినీ విడదీసి చెబుతుంది.

ఇక అసలు అనుమానం. మీ కాంట్రాక్టరు వేసే బిళ్లల డబ్బా మీద ఏమి రాసి ఉంది? వారానికి ఎన్ని వేస్తారు? కొలనులో నీళ్లు చివరిసారి మార్చింది ఎప్పుడు?

అపార్ట్‌మెంటు కార్యదర్శి | నవంబరు 2, రాత్రి 8:50

డబ్బా మీద టీసీసీఏ 90 అని ఉంది. బిళ్ల 200 గ్రాములు, వారానికి ఐదు. నీళ్లు మార్చింది కిందటి డిసెంబరులో అని వాచ్‌మన్ చెప్పాడు. ఆ తర్వాత ఆవిరైన మేరకు బోరు నీళ్లు పడుతున్నాం, అంతే. మోటారు సంగతి కూడా కనుక్కున్నాను. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా. మోటార్ల మనిషిగారికి మా ఇంటి గుట్టు తెలిసిపోయినట్టుంది.

రసాయనాల అయ్యవారు | నవంబరు 3, ఉదయం 6:30

అయితే దొరికింది.

ఆ బిళ్ల పూర్తి పేరు ట్రైక్లోరో ఐసోసయనూరిక్ ఆమ్లం. నీళ్లలో కరిగితే క్లోరిన్ ఇస్తుంది, దాని వెంట సయనూరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. దుకాణంలో దీన్ని స్టెబిలైజర్ అంటారు. అది చెడ్డది కాదు. మన ఎండలో స్టెబిలైజర్ లేని నీళ్లలో క్లోరిన్ మిట్టమధ్యాహ్నం గంటలోపే సగానికి పైగా పోతుంది. 30 నుంచి 50 పీపీఎం (లీటరు నీళ్లకు అన్ని మిల్లీగ్రాములు) స్టెబిలైజర్ ఉంటే సాయంత్రం దాకా నిలుస్తుంది.

చిక్కు ఏమిటంటే, క్లోరిన్ ఖర్చవుతుంది, ఇది ఖర్చు కాదు. ఎండకు ఆవిరి కాదు, ఫిల్టరుకు చిక్కదు. మీ కొలనులో కిలో బిళ్లలు వేస్తే సుమారు 6 పీపీఎం చేరుతుంది. నలభై వారాలకు లెక్కవేయండి, 240 దాటుతుంది. బ్యాక్‌వాష్‌లో, పిల్లలు ఎగజిమ్మిన నీళ్లలో కొంత పోయి ఉంటుంది కాబట్టి అంత ఉండకపోవచ్చు. కొలవాలి.

ఎక్కువైతే ఏమవుతుందో తిరుపతివారికి తేలికగా చెప్పవచ్చు. వైకుంఠం క్యూ కాంప్లెక్సును తలచుకోండి. కంపార్టుమెంట్లలో కూర్చున్నవారందరినీ మీ పరీక్ష లెక్కపెట్టి 3 అని చెబుతోంది. గేటు దాటి వరుసలో నడుస్తున్నవారు ఎందరు? నాచును చంపేది వాళ్లే. స్టెబిలైజర్ పెరిగేకొద్దీ కూర్చునేవారు పెరుగుతారు, నడిచేవారు తగ్గుతారు. అందుకే స్టెబిలైజర్ ఎంత ఉంటే అందులో ఏడున్నర శాతం క్లోరిన్ ఎప్పుడూ ఉండాలని అనుభవజ్ఞులు లెక్క పెట్టుకుంటారు. 40 ఉంటే క్లోరిన్ 3 సరిపోతుంది. 200 ఉంటే 15 కావాలి. మీ పెట్టె మీది "1 నుంచి 3" స్టెబిలైజర్ ఊసే ఎత్తదు.

చిత్తూరు కుర్రాడు | నవంబరు 3, ఉదయం 7:02

అంటే కాంట్రాక్టరు నాచును చంపడానికి వేసిన మందే నాచుకు కాపలా కాస్తోందా! అయ్యవారూ, మీరు మా కళాశాలలో చెప్పి ఉంటే నేను రసాయన శాస్త్రం మొదటిసారే గట్టెక్కేవాడిని.

మోటార్ల మనిషి | నవంబరు 3, ఉదయం 10:25

అయ్యవారి మీద గౌరవంతోనే ఒక మాట. పుస్తకంలో ఏడున్నర శాతం బాగానే ఉంటుంది. నేను చూసే ఇరవై కొలనుల్లో పద్దెనిమిదింటికి టీసీసీఏనే వేస్తున్నాను. అన్నీ పచ్చబడలేదే? బిళ్లకు బదులు లీటరు ద్రవ క్లోరిన్ (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) రోజూ ఎవరు పోస్తారు? డబ్బాలు మోయాలి, బట్టల మీద పడితే తెల్లమచ్చలు. బిళ్ల అయితే వారానికోసారి వేసి తాళం పెట్టుకుని పోవచ్చు. వాచ్‌మన్ల చేత చేయించే పని ఇది, ప్రయోగశాల కాదు.

రసాయనాల అయ్యవారు | నవంబరు 3, ఉదయం 11:00

మీ పద్దెనిమిదిలో ఏటా నీళ్లు మార్చేవి ఎన్ని?

మోటార్ల మనిషి | నవంబరు 3, మధ్యాహ్నం 12:15

చాలావరకు మారుస్తారు. వేసవికి ముందు కడిగిస్తారు.

రసాయనాల అయ్యవారు | నవంబరు 3, మధ్యాహ్నం 12:20

అదే మిమ్మల్ని కాపాడుతోంది. తిరుమల స్వామి పుష్కరిణినే ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు నెల రోజులు మూసి, నీళ్లు తోడి శుభ్రం చేస్తారు. నీళ్లు మార్చడం మన ఊళ్లకు కొత్త ఆచారం కాదు. బిళ్ల మంచిదే, నీళ్లు మార్చే ఇంట్లో.

ఈత నేర్చుకుంటున్న అమ్మ (తిరుపతి) | నవంబరు 3, మధ్యాహ్నం 3:30

మైలుతుత్తం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పికి నీళ్లలో నడవమని డాక్టరు చెప్పారు. రోజూ ఉదయం మా కాలనీ కొలనులో అరగంట నడుస్తారు. నెల తిరిగేసరికి తెల్లజుట్టు చివరలు లేతపచ్చగా మారాయి. కొత్త తలనూనె వల్ల అనుకుని సీసా పారేశాం, పచ్చ పోలేదు. క్లోరిన్ వల్లనా?

రసాయనాల అయ్యవారు | నవంబరు 3, సాయంత్రం 5:10

క్లోరిన్ కాదు తల్లీ, రాగి. మైలుతుత్తం అంటే రాగి సల్ఫేటు. నీళ్లలోని రాగి జుట్టుకు పట్టుకుంటుంది. నల్లజుట్టువారికీ పడుతుంది, కనబడదు. నీళ్లలో దిగేముందు తలను మంచినీళ్లతో బాగా తడిపి టోపీ పెట్టుకోమనండి. తడిసిన జుట్టు కొలను నీళ్లను తక్కువ పీలుస్తుంది.

రాగి కూడా సయనూరిక్ ఆమ్లం లాంటిదే, వేసినకొద్దీ పోగవుతుంది. పీహెచ్ పెరిగితే గోడల మీద నీలి మచ్చలై కూర్చుంటుంది. కార్యదర్శిగారు రెండుసార్లు మైలుతుత్తం వేసిన ఆ నీళ్లను చేపలున్న చెరువులోకి, కుంటలోకి వదలకూడదు. రాగి చేపలకు విషం.

ఈత నేర్చుకుంటున్న అమ్మ | నవంబరు 3, సాయంత్రం 5:40

ధన్యవాదాలు అయ్యవారూ. పారేసిన నూనె సీసా ఖరీదు ఎవరిని అడగాలో మా అత్తగారు అడుగుతున్నారు.

అపార్ట్‌మెంటు కార్యదర్శి | నవంబరు 9, సాయంత్రం 6:45

డీపీడీ పెట్టె, స్టెబిలైజర్ కొలిచే పెట్టె తెప్పించాను. స్టెబిలైజర్ పరీక్ష తమాషాగా ఉంది. కొలను నీళ్లలో మందు కలిపి కుదిపితే పల్చటి మజ్జిగలా తెల్లబడుతుంది. దాన్ని సన్నటి గొట్టంలో పోస్తూ పైనుంచి చూడాలి. గొట్టం అడుగున నల్లచుక్క ఉంటుంది. అది కనుమరుగైన చోట ఉన్న అంకె మన లెక్క. నేను ఇంకా 100 గీత దగ్గరే ఉండగా చుక్క మాయమైంది. గొట్టం మీద అంతకు మించి అంకె లేదు. సీసా నీళ్లు సగానికి సగం కలిపి మళ్లీ చేశాను. 90 వచ్చింది. అంటే 180.

ఏడున్నర శాతం చొప్పున నాకు క్లోరిన్ 13 పైన ఉండాలి. గులాబీ చుక్కల లెక్కలో ఉన్నది 2.

ఇప్పుడు ఏమి చేయమంటారు? 180ని 45కు తేవాలంటే ముక్కాలు భాగం నీళ్లు పారబోయాలి. అసోసియేషన్‌లో ఈ మాట అన్నందుకే నిన్న ఇద్దరు లేచి వెళ్లిపోయారు. వేసవిలో తాగడానికి ట్యాంకర్లు తెప్పించుకునే ఇంట్లో ఈతకు ట్యాంకర్లా అన్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు.

తోటమాలి | నవంబరు 9, రాత్రి 7:20

దుకాణంలో ఫాస్ఫేటును తీసేసే మందు కూడా అమ్ముతారు. నీళ్లు మార్చకుండా దానితో నెట్టుకురాలేమా?

రసాయనాల అయ్యవారు | నవంబరు 9, రాత్రి 7:45

దానికి పెట్టే డబ్బుతో రెండు ట్యాంకర్లు వస్తాయి. చాలినంత క్లోరిన్ ఉంటే ఎంత ఎరువున్నా నాచు మొలవదు. క్లోరిన్ చాలనప్పుడు నాచుకు కొద్దిపాటి ఎరువైనా సరిపోతుంది.

వాన లెక్కలు (తిరుపతి) | నవంబరు 9, రాత్రి 9:30

ఇంతసేపు చదివి ఊరుకున్నాను, ట్యాంకర్లు అనేసరికి ఉండబట్టలేదు. కట్టడాల ఇంజినీరును. కార్యదర్శిగారూ, మీ మిద్దె వైశాల్యం ఎంత?

అపార్ట్‌మెంటు కార్యదర్శి | నవంబరు 9, రాత్రి 9:41

సుమారు 450 చదరపు మీటర్లు. ఎందుకు?

వాన లెక్కలు | నవంబరు 9, రాత్రి 10:15

ఎందుకంటే ఇది నవంబరు. ఈశాన్య రుతుపవనాలు మనకు ఇచ్చేదంతా ఈ రోజుల్లోనే. బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పట్టిందంటే పది సెంటీమీటర్లు పడటం తిరుపతికి వింత కాదు. 450 చదరపు మీటర్ల మిద్దె మీద పది సెంటీమీటర్ల వాన అంటే 45,000 లీటర్లు. పదో వంతు పోయిందనుకున్నా నలభై వేలు. మీ కొలనులో సగం 43,000. ఈ నీళ్లు ఇప్పుడు పైపు గుండా కిందికి దిగి రోడ్డు పక్క కాలువలో పోతున్నాయి.

మిద్దె ఊడ్పించండి. మొదటి వానను వదిలేయండి, దుమ్ము, పిట్టల రెట్ట పోతాయి. ఆ తర్వాత పైపుకు గొట్టం తగిలించి, చివర నూలుబట్ట కట్టి కొలనులోకి తిప్పండి. సగం పారబోసి సగం నింపితే 180 కాస్తా 90. మళ్లీ అదే చేస్తే 45.

ఒక్క హెచ్చరిక. కొలనును పూర్తిగా ఖాళీ చేయకండి. ఈ కాలంలో భూమిలో నీళ్లు పైకి వస్తాయి. ఖాళీ కాంక్రీటు తొట్టి నేలలో పాతిన పడవ లాంటిది. కింది నుంచి నీళ్లు నెట్టితే పైకి లేస్తుంది, పగులుతుంది. 2021 నవంబరు వరదలప్పుడు మా వీధిలో ఒకరి ఖాళీ ప్లాస్టిక్ సంపు ట్యాంకు నేలను చీల్చుకుని పైకి వచ్చి వరండాలో కూర్చుంది. నేను కళ్లారా చూశాను. సగం కన్నా కిందికి తీయవద్దు.

చిత్తూరు కుర్రాడు | నవంబరు 9, రాత్రి 10:22

సంపు కూడా వరద చూడటానికి బయటికి వచ్చిందన్నమాట.

మోటార్ల మనిషి | నవంబరు 10, ఉదయం 8:00

ఇంజినీరుగారి లెక్క బాగుంది. నాదొక మాట కలపండి. ఎలాగూ సగం నీళ్లు పారబోస్తారు కదా, ఆ సగాన్ని పైనుంచి కాకుండా అడుగునుంచి తీయండి. ముందు రోజు సాయంత్రం గోడలన్నీ బ్రష్షుతో తోమించండి. నాలుగు కిలోల పటికను బకెట్లలో కరిగించి కొలనంతా చల్లండి. ఫిల్టరు వాల్వును నీళ్లు ఇసుకలోకి పోకుండా కేవలం తిరిగే స్థానంలో పెట్టి, రెండు గంటలు తిప్పి, మోటారు కట్టేయండి. పొరపాటున పటిక ఇసుకలోకి పోతే గడ్డకడుతుంది, ఫిల్టరు పని అయిపోయినట్టే. తెల్లారేసరికి నాచు చాలావరకు అడుగున పరుపులా పడుతుంది. వాక్యూమ్ గొట్టంతో నెమ్మదిగా, అలికి ముగ్గు వేసినంత ఓపికగా లాగి, నేరుగా బయటికి వదలండి. తొందరపడితే మళ్లీ పైకి లేచి కలిసిపోతుంది.

నేను చెప్పే చిట్కాలు పుస్తకంలో ఉండకపోవచ్చు.

రసాయనాల అయ్యవారు | నవంబరు 10, ఉదయం 8:20

ఉండవు. ఉండాల్సింది. పారబోసే నీళ్లతోనే నాచునూ పంపడం నాకు తట్టలేదు. మొన్న నా మాట కటువుగా తోచి ఉంటే మన్నించండి.

అపార్ట్‌మెంటు కార్యదర్శి | నవంబరు 13, రాత్రి 9:00

మోటార్ల మనిషిగారు చెప్పినట్టే చేశాం. ఉదయం ఐదున్నరకు టార్చి వేసి చూస్తే అడుగున ముదురాకుపచ్చ దుప్పటి పరిచినట్టుంది, పైన నీళ్లు తేటగా ఉన్నాయి. మూడున్నర గంటలు లాగాం. వాచ్‌మన్ రెండుసార్లు తొందరపడ్డాడు, రెండుసార్లూ పొగలా లేచింది. ఆ చోట్లను వదిలి అరగంట ఆగి మళ్లీ వచ్చాం. నీళ్లు సగానికి దిగాయి. మిద్దె ఊడ్చారు. గొట్టానికి మా ఇంటి పాత పంచె కట్టాను. ఇక ఆకాశం దయ.

అపార్ట్‌మెంటు కార్యదర్శి | నవంబరు 16, ఉదయం 6:50

రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా కురిసింది. మొదటి అరగంట వదిలేశాను. ఆ తర్వాత గొట్టం నుంచి పడుతుంటే లేచి వెళ్లిపోయిన ఇద్దరిలో ఒకరు గొడుగు వేసుకుని వచ్చి నా పక్కన నిలబడి చూశారు. కొలను దాదాపు నిండింది. ఇప్పుడే కొలిచాను. స్టెబిలైజర్ 90.

వాన లెక్కలు | నవంబరు 16, ఉదయం 7:15

ఇంకొక వాయుగుండం ఉందంటున్నారు. వారంలోపు రెండో సగం కూడా తీయండి.

రసాయనాల అయ్యవారు | నవంబరు 16, ఉదయం 9:40

వాన నీళ్లలో సున్నం తక్కువ, క్షారత తక్కువ. మన బోరు నీళ్లకు అది ఎక్కువ. రెండూ కలవడం మీకు లాభమే. రెండో విడత తర్వాత మొత్తం క్షారత కొలవండి. 80 కన్నా తగ్గితే పీహెచ్ నిలకడగా ఉండదు. వంటసోడా వేయాలి. మీ కొలనులో పది పీపీఎం పెంచడానికి దాదాపు కిలోన్నర పడుతుంది.

తోటమాలి | నవంబరు 18, సాయంత్రం 4:30

ఇది అందరూ చదవాలి. నిన్న మా తోటలో జరిగింది. కొత్తగా చేరిన కుర్రాడు బ్లీచింగ్ పౌడరు కొలిచిన మగ్గుతోనే టీసీసీఏ పొడి తీశాడు. మగ్గు అడుగున పాత పౌడరు తడిగా అంటుకుని ఉంది. ముందు బుస్సుమని పొగ, ఆ వెంటనే మగ్గు మెత్తబడి ఒంగిపోయింది. ఘాటుకు కుర్రాడి కళ్లు, గొంతు మండిపోయాయి. గాలిలోకి పరుగెత్తాడు కాబట్టి సరిపోయింది. రాత్రి ఆసుపత్రిలో చూపించి తీసుకొచ్చాం, బాగున్నాడు.

రసాయనాల అయ్యవారు | నవంబరు 18, సాయంత్రం 5:00

పెద్ద ప్రమాదం తప్పింది. రెండూ క్లోరిన్ మందులే కదా అని చాలామంది అనుకుంటారు. టీసీసీఏ ఆమ్లం, బ్లీచింగ్ పౌడరు క్షారం. తడిలో కలిస్తే విషవాయువు పుడుతుంది, నిప్పు అంటుకుంటుంది, పేలనూ వచ్చు. మగ్గు, గరిటె, అలమర అన్నీ దేనికది వేరు. ఆమ్లాన్ని ఏ క్లోరిన్ దగ్గరా పెట్టకూడదు. ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు కాదు.

అపార్ట్‌మెంటు కార్యదర్శి | నవంబరు 22, మధ్యాహ్నం 2:10

రెండో వాన కూడా దక్కింది. స్టెబిలైజర్ 45. క్షారత 90, వంటసోడా అవసరం పడలేదు. నీళ్లు లేతపచ్చగానే ఉన్నాయి, అడుగు కనబడటం లేదు. ఇక చంపే పని చెప్పండి అయ్యవారూ.

రసాయనాల అయ్యవారు | నవంబరు 22, మధ్యాహ్నం 3:00

ముందు పీహెచ్‌ను 7.2కు దించండి. క్లోరిన్ పది దాటాక పీహెచ్ పరీక్ష తప్పుడు అంకె చూపుతుంది కాబట్టి ఆ పని ఇప్పుడే కావాలి. పిమ్మట, స్టెబిలైజర్‌లో నలభై శాతం, అంటే క్లోరిన్‌ను 18కి తీసుకువెళ్లి అక్కడే నిలపాలి. పది శాతం ద్రవ క్లోరిన్ అయితే పదిహేను, పదహారు లీటర్లు. దుకాణంలో ఎండలో పెట్టిన డబ్బా తీసుకోకండి, వారాల్లో బలం పోతుంది. బ్లీచింగ్ పౌడరూ పనిచేస్తుంది గాని సున్నం దిగి నీళ్లు మసకబారతాయి, మన బోరు నీళ్ల సున్నానికి ఇంకొంత సున్నం.

సూర్యుడు దిగాక, మోటారు తిరుగుతుండగా, నీళ్లు వచ్చే ముక్కుల ముందు కొద్దికొద్దిగా పోయండి. రాత్రంతా మోటారు తిరగాలి. రోజూ గోడలు తోమాలి. పాచి పొర కింద దాక్కున్నదానికి క్లోరిన్ అందదు. ఫిల్టరు ఒత్తిడి మాటిమాటికీ పెరుగుతుంది, చచ్చిన నాచు అంతా అక్కడే చేరుతుంది.

అడుగున వేసిన రూపాయి బిళ్ల గట్టుమీదికి కనిపించేదాకా ఎవరినీ దింపవద్దు, గేటుకు తాళం వేయండి. మసక నీళ్లలో మునిగిన పిల్లవాడు పైనున్నవాళ్లకు కనబడడు.

అపార్ట్‌మెంటు కార్యదర్శి | నవంబరు 22, రాత్రి 8:25

అత్యవసరం! పదహారు లీటర్లూ పోశాను. గంట తర్వాత డీపీడీ చుక్కలు వేస్తే గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి మాయమైంది. గొట్టంలో మామూలు నీళ్లే. క్లోరిన్ సున్నానా? నాచు అప్పుడే తినేసిందా? ఇంకో డబ్బా మూత తీస్తున్నాను.

రసాయనాల అయ్యవారు | నవంబరు 22, రాత్రి 8:29

మూత పెట్టండి!

క్లోరిన్ లేక కాదు, ఎక్కువై రంగునే విరిచేసింది. ఒక వంతు కొలను నీళ్లకు మూడు వంతుల సీసా నీళ్లు కలిపి మళ్లీ చూడండి. వచ్చినదాన్ని నాలుగుతో హెచ్చవేయండి.

అపార్ట్‌మెంటు కార్యదర్శి | నవంబరు 22, రాత్రి 8:44

నాలుగున్నర దగ్గర. అంటే 18. మూత పెట్టాను. కూర్చున్నాను. మంచినీళ్లు తాగాను.

చిత్తూరు కుర్రాడు | నవంబరు 22, రాత్రి 8:50

సార్, తాగింది సీసా నీళ్లే కదా?

అపార్ట్‌మెంటు కార్యదర్శి | నవంబరు 26, ఉదయం 7:30

మొదటి రాత్రి క్లోరిన్ 18 నుంచి 13కు పడింది. మళ్లీ పోశాను. రెండో రాత్రి రెండున్నర తగ్గింది. నిన్న రాత్రి పొద్దుగూకాక చూసినది, ఈ ఉదయం ఎండ రాకముందు చూసినది పక్కపక్కన పెడితే తేడా అర పీపీఎం. పచ్చ పోయి మొదట బియ్యం కడిగిన నీళ్లలా అయ్యాయి, నిన్నటి నుంచి తేటపడ్డాయి. ఫిల్టరును ఆరుసార్లు బ్యాక్‌వాష్ చేశాం.

లోతు పక్కన రెండు రూపాయల బిళ్ల వేశాను. కనబడింది. దాని పక్కనే మూడో అంతస్తు అబ్బాయి దసరా సెలవుల్లో పోగొట్టుకున్న బొమ్మ కారు కూడా కనబడింది.

ఇకపై మోటారు ఏడు గంటలు, రోజూ సాయంత్రం లీటరున్నర నుంచి రెండు లీటర్ల ద్రవ క్లోరిన్. వాచ్‌మన్ తానే కొలిచి పుస్తకంలో రాస్తానన్నాడు. ఊరెళ్లిన రోజులకు మాత్రం బిళ్లలు, నెలకోసారి నల్లచుక్క పరీక్ష. కాంట్రాక్టరుతో మాట్లాడాల్సి ఉంది. ఆ సంగతి ఇక్కడ వద్దు.

ఒక్కటి మిగిలింది. మూడో మెట్టు మీద మిరియపు గింజంత నల్లమచ్చలు, పది పన్నెండు ఉంటాయి. మామూలు బ్రష్షుకు కదలడం లేదు.

రసాయనాల అయ్యవారు | నవంబరు 26, ఉదయం 8:10

దాన్ని నల్లనాచు అంటారు గాని నిజానికి అది సయనోబ్యాక్టీరియా. సిమెంటు పూతలోకి దిగి, పైన జిగురు పొర కప్పుకుంటుంది. ఆ పొరను గీరి తెరవకుండా క్లోరిన్ లోపలికి పోదు. టైలు మీద కాక పూత మీదే ఉంటే ఉక్కు తీగల బ్రష్షుతో గట్టిగా గీరండి. ఇది చేతిబలం పని, నా వల్ల అయ్యేది కాదు.

మోటార్ల మనిషి | నవంబరు 26, ఉదయం 8:35

ఉక్కు బ్రష్షు నా దగ్గర ఉంది. మీ ఫిల్టరు ఇసుక కూడా ఒకసారి తెరిచి చూడాలనుంది, పటిక తగిలిందేమో. ఆదివారం ఉదయం ఆరింటికి వస్తాను. ఆ నల్లచుక్క పెట్టె దగ్గర పెట్టుకోండి, నా పద్దెనిమిది కొలనుల్లో నాలుగింటి నీళ్లు సీసాల్లో తెస్తున్నాను.

అపార్ట్‌మెంటు కార్యదర్శి | నవంబరు 26, ఉదయం 8:41

రండి అన్నా. ఇడ్లీ మా ఇంట్లో.